ఏతాం ఎక్కిన ఇల్మ్

మొన్న మగ్రిబ్ తర్వాత మా బేటీ సైన్సు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. సామాన్య యంత్రాల పాఠం. "అబ్బా, తులాదండం అంటే ఏంటి?" అంది. "మీ పర్‌దాదా తొక్కిన ఏతాం" అన్నాను. ఏతాం అంటే ఏంటని మళ్ళీ అడిగింది. కలిదిండి పక్క చేలల్లో పుట్టిన ఖాందాన్ మాది. మూడు తరాల్లో ఆ మాటే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. అందుకే ఈ తారీఖ్ రాస్తున్నాను.

పాత ఉర్దూ కితాబుల్లో ఈ పాఠానికి భలే పేరుంది: ఇల్మె జర్రె సఖీల్. జర్ర్ అంటే లాగడం, సఖీల్ అంటే బరువైనది. బరువు లాగే ఇల్మ్! "యాంత్రిక శాస్త్రం" అంటే పిల్లలు బెదురుతారు గానీ, ఈ పేరు వింటే అందులో ఏముందో అమ్మీజాన్‌కి కూడా తెలిసిపోతుంది.

కలిదిండి పాత ఊరు. 11వ శతాబ్దపు రాజరాజ నరేంద్రుడి రాగి శాసనాల్లోనే దాని పేరుంది. ఒకపక్క కొల్లేరు, మరోపక్క ఆ సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేల. ఇక్కడి రైతు ముష్కిల్ నీళ్ళు లేకపోవడం కాదు, ఉన్న నీళ్ళు ఉండాల్సిన చోట లేకపోవడం. కాలువలో ఉన్నది చేలోకి ఎత్తాలి, చేలో నిండింది బయటికి తోడాలి. రెంటికీ గూడే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు తాళ్ళు పట్టుకుని, గూడను ముంచి, ఊపి, గట్టు మీదుగా పోస్తారు. బరువును చేతులతో ఎత్తరు, వెనక్కి వాలి ఒంటి బరువుతో లాగుతారు. ఊపు కలిసిందా, పొద్దంతా వేయొచ్చు. ఒక్కరి ఊపు తప్పితే ఇద్దరి నడుములూ పోతాయి. మా దాదాకి జోడీ ఒక రైతు. పండగలకి ఒకరింటికి ఒకరు పోయేంత దోస్తీ ఆ తాళ్ళ దగ్గరే కుదిరిందట.

ఇక ఏతాం. గుంజ మీద అడ్డంగా ఒక దూలం, ఒక కొసన బాన. దూలం మీద మనిషి ఇటూ అటూ నడుస్తాడు. లెక్క చూద్దాం, దూలం బరువు పక్కన పెట్టి. గుంజకు 4 గజాల దూరంలో 30 కిలోల నీళ్ళ బాన వేలాడుతోంది. 60 కిలోల మనిషి అవతలి వైపు 2 గజాలు నడిస్తే రెండూ తూగుతాయి. ఇంకో అడుగేస్తే బాన లేస్తుంది. మనిషి 1 అడుగు దిగితే బాన 2 అడుగులు పైకొస్తుంది.

ఇక్కడ చాలామంది ఉస్తాద్‌లే పొరబడతారు. తులాదండం ఎప్పుడూ తక్కువ బలంతో ఎక్కువ బరువు లేపుతుందని చెప్పేస్తారు. ఏతాం చేసేది ఉల్టా. 30 కిలోలు లేపడానికి 60 కిలోలు ఖర్చు పెడుతుంది, బదులుగా దూరం ఇస్తుంది. అయితే ఆ 60 కిలోలూ మనిషి వెంట ఉన్న సొంత ఒళ్ళే. దిగడం ముఫ్త్. మళ్ళీ దూలం మీద పైకెక్కి రావడమే మెహనత్, అదీ చేతుల మీద కాదు, కాళ్ళ మీద. కాళ్ళు చేతులకన్నా ఎక్కువసేపు ఓర్చుకుంటాయి. ఏతాం ఆసాన్ చేసింది అంతే. పని తగ్గలేదు, ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకో చోటికి మారింది.

మన వాట్సాప్‌లలో "యంత్రాలన్నీ ముసల్మాన్లే కనిపెట్టారు" అని తిరుగుతుంటుంది. అది జూట్. ఏతాం లాంటిది ఫిరౌన్‌ల మిస్ర్‌లోనే ఉంది. కానీ నిజంగా ఫఖ్ర్ పడాల్సింది వేరే ఉంది. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే యవన ఉస్తాద్ మీట, కప్పీ, చీల, మర, ఇరుసు చక్రం, ఈ ఐదింటి మీద కితాబ్ రాశాడు. దాని గ్రీకు ప్రతి పోయింది, కొన్ని ముక్కలే మిగిలాయి. పూర్తిగా దక్కింది అరబ్బీ తర్జుమాలోనే. 9వ శతాబ్దంలో ఆ తర్జుమా చేసిన ఖుస్తా ఇబ్న్ లూఖా బఅల్బక్ క్రైస్తవుడు. ఇల్మ్‌ని కాపాడిన వాళ్ళలో మజహబ్ లెక్క కుదరదు.

ఆ తర్వాత 1206లో దియార్‌బకర్‌లో అల్ జజరీ నీళ్ళు తోడే ఐదు కలల నఖ్షాలతో కితాబ్ ముగించాడు. బాబర్ తన తుజుక్‌లో లాహోర్, సర్హింద్ వైపు కుండల చక్రంతోనూ, ఆగ్రా వైపు ఎద్దులు లాగే పెద్ద బొక్కెనతోనూ నీళ్ళు తోడతారని రాశాడు. రెండోది శ్రమ, పైగా గలీజు అని ముఖం చిట్లించాడు. అదే మన మెట్ట ఊళ్ళ మోట. బాద్‌షాకు గలీజుగా కనపడిన తాడే రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో తరాలకు బువ్వ పెట్టింది. 19వ శతాబ్దం తొలి సగంలో హైదరాబాద్ అమీరు నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్, షమ్సుల్ ఉమరా, తన సొంత ఛాపాఖానాలో "సిత్తయె షమ్సియా" పేరుతో ఆరు ఇల్ముల రిసాలాలు ఉర్దూలో అచ్చేయించాడు. వాటిలో జర్రె సఖీల్ ఒకటి. ఏతాం తొక్కేవాడి దాకా అది రాలేదనుకోండి. అతనికి దాని అవసరమూ లేదు.

అదే శతాబ్దంలో మన డెల్టాకి ఆనకట్టలొచ్చాయి. ధవళేశ్వరం 1852 నాటికి, బెజవాడ 1855 నాటికి పూర్తయ్యాయి. ఏలూరు మీదుగా పడవల కాలువలు నడిచాయి. లాకుల దగ్గర తలుపులు మూసి నీళ్ళు వదిలితే, నిండు పడవను నీరే ఎత్తేది. షట్టరు ఎత్తాలంటే లస్కరు మర తిప్పేవాడు. మర అంటే గుండ్రంగా చుట్టిన వాలు, ఉర్దూలో పేచ్. మనం రోజూ పడే పేచీలు కూడా ఆ మెలికలోంచి వచ్చినవే!

ఆ తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి. గూడ, ఏతాం అటకెక్కాయి. దాదా బాధపడలేదని అబ్బా అంటారు. "నడుము బతికింది" అన్నారట. 1970ల తర్వాత కొల్లేటి చుట్టూ చేపల చెరువులు పెరిగాయి. మొదట్లో గట్లకు మట్టి మజ్దూర్ల తలల మీద గంపల్లో నడిచింది. పొక్లెయిన్ వచ్చాక ఆ లెక్కే మారిపోయింది. ఎప్పుడైనా దాన్ని ఆగి చూడండి. ఇనప చెయ్యి మడమ దగ్గర చిన్న గొట్టం కొద్దిగా కదిలితే, కొసన బొచ్చె బారలకొద్దీ తిరుగుతుంది. ఎక్కువ బలం పెట్టి దూరం కొనడం. అదే ఏతాం! మనిషి కాళ్ళ బదులు డీజిల్ కడుతోంది కిరాయి.

కాళ్ళకు అలసట ఉండేది, డీజిల్‌కి లేదు. సరస్సు లోపలికి గట్లు అలా నడుచుకుంటూ వెళ్ళాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించినా ఆగలేదు. 2006లో సర్కారు ఆ చెరువుల గట్లు తెంపించింది. తెంపినవీ పొక్లెయిన్లే. కట్టేటప్పుడు కిరాయికి వచ్చిన యంత్రమే కూల్చేటప్పుడూ వచ్చింది. గంపలు మోసిన వాళ్ళూ, అప్పు చేసి చెరువు లీజుకు తీసుకున్న వాళ్ళూ గట్టు మీద నిలబడి చూశారు.

బేటీ అంతా విని, నోట్సులో దూలం బొమ్మ గీసింది. మీద మనిషిని పెట్టడం మర్చిపోయింది. పెన్సిల్ తీసుకుని నేనే నిలబెట్టాను, గుంజకి 2 గజాల దూరంలో.