గడప దాటే మొదటి మనిషి

స్కాట్లాండ్‌లో డిసెంబరు 25 అందరికీ సెలవు రోజు అయింది 1958లో. అంతకుముందు తరతరాలుగా అక్కడ చాలామందికి క్రిస్మస్ మామూలు పనిదినమే. ఫ్యాక్టరీలు నడిచేవి, రేవుల్లో సరుకు దిగేది, కొట్లు తెరిచి ఉండేవి. ఇంగ్లండ్ సంగతి దీనికి తలకిందులు. క్రిస్మస్ అక్కడ ఎప్పటినుంచో పెద్ద పండుగ. జనవరి 1కి మాత్రం 1974 దాకా సెలవు లేదు. ఒకే రాజు కింద, ఒకే దీవి మీద ఉన్న రెండు దేశాలు చలికాలపు సెలవుల దగ్గర ఇంత దూరం జరగడానికి వెనుక పెద్ద గొడవే ఉంది. ఎడిన్‌బరోలో కొత్తగా కాపురం పెట్టిన ఒక తెలుగు జంటకు ఆ చరిత్ర మ్యూజియంలో కాక ఉంటున్న భవనం మెట్ల మీద ఎదురైంది.

ఆమెది తెనాలి, అతనిది ఖమ్మం. 2024 శ్రావణంలో పెళ్లి. అతనికి ఎడిన్‌బరోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయం కావడంతో అక్టోబరులో ఇద్దరూ కలిసే వచ్చారు. లీత్ వాక్ దగ్గర పాతకాలపు రాతి భవనంలో మూడో అంతస్తులో అద్దె ఇల్లు. ఎనిమిది ఇళ్లకు ఒకటే మెట్లదారి కాబట్టి ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో అందరికీ తెలుస్తుంది. డిసెంబరు మూడో వారానికి ఆ ఊళ్లో సూర్యుడు ఉదయం 8.40 దాటాక వచ్చి మధ్యాహ్నం 3.40కే వెళ్లిపోతాడు. తెనాలిలో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా పదకొండు గంటలకు పైనే ఉంటుంది. ఇక్కడ ఏడు గంటలు కూడా లేదు. ఆ చీకట్లో ప్రిన్సెస్ స్ట్రీట్ తోటల్లోని క్రిస్మస్ బజారు, రచయిత స్కాట్ స్మారకం పక్కన తిరిగే పెద్ద రంగులరాట్నం, ఏటా నార్వే నుంచి కానుకగా వచ్చే చెట్టు చూసి, ఈ దేశంలో క్రిస్మస్ ఎప్పటినుంచో ఇలాగే జరుగుతోందని ఆ ఇద్దరూ అనుకున్నారు. చూసినవాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ బజారు నుంచి కొండ ఎక్కితే సెయింట్ జైల్స్ చర్చి. దాని వెనుక రాళ్లు పరిచిన ఆవరణలో కార్లు ఆపుతారు. అక్కడ 23వ నంబరు గడి కిందనే మతసంస్కర్త జాన్ నాక్స్ సమాధి ఉందని చెబుతారు. స్కాట్లాండ్‌లో క్రిస్మస్ కథ ఆయనతో మొదలవుతుంది. 1560లో స్కాటిష్ పార్లమెంటు పోప్ అధికారాన్ని తోసిపుచ్చింది. నాక్స్, ఆయన సహచరులు కొత్త చర్చికి రాసిన నియమావళిలో బైబిల్లో లేని పండుగలన్నీ రద్దు కావాలన్నారు. ఆ జాబితాలో క్రిస్మస్ కూడా ఉంది. ఏసు పుట్టిన తేదీ బైబిల్లో ఎక్కడా లేదు. లేని తేదీకి పండుగ చేయడం మనుషుల కల్పన అనేది వాళ్ల వాదం. మాటతో ఆగలేదు కూడా. 1574లో అబర్డీన్ చర్చి పెద్దలు పద్నాలుగు మంది ఆడవాళ్లను విచారణకు పిలిచారు. క్రిస్మస్ రోజున ఆడిపాడడమే వాళ్లు చేసిన నేరం.

అంతమాత్రాన జనం పండుగ మానేస్తారా? నిజానికి కొన్ని దశాబ్దాల్లో ఈ పట్టుదల సడలిపోయి ఉండేదేమో. కథను బిగించింది రాజు. స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్‌కు 1603లో ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కింది. లండన్‌కు వెళ్లిపోయి అక్కడి నుంచే స్కాటిష్ చర్చిని ఇంగ్లండ్ పద్ధతిలోకి తిప్పబోయాడు. 1618లో పెర్త్‌లో జరిగిన సభ చేత అయిదు నియమాలు ఒప్పించాడు. క్రిస్మస్ వంటి పండుగలు పాటించి తీరాలన్నది వాటిలో ఒకటి. దాంతో క్రిస్మస్‌కు లండన్ హుకుం అనే ముద్ర పడింది. కొడుకు చార్లెస్ ఇంకా ముందుకు పోయి 1637లో కొత్త ప్రార్థన పుస్తకం రుద్దితే, సెయింట్ జైల్స్ చర్చిలోనే జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాది గ్రేఫ్రయర్స్ చర్చి దగ్గర వేలమంది సంతకాలు చేసిన ఒడంబడిక అంతర్యుద్ధాలకు దారి తీసింది. 1640లో స్కాటిష్ పార్లమెంటు క్రిస్మస్ సెలవులను చట్టం చేసి మరీ రద్దు చేసింది. 1712లో లండన్ పార్లమెంటు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఈసారి కూడా ఆ మాట లండన్ నుంచే వచ్చింది కనుక స్కాట్లాండ్ చర్చి పట్టించుకోలేదు. ఒక పండుగ ఇన్నేళ్లు మూలన పడిందంటే కేవలం దైవచింతన వల్ల కాదు. తమ చర్చిని ఎలా నడుపుకోవాలో పక్కదేశం చెప్పకూడదన్న పంతం అందులో సగం. స్కాట్లాండ్ రాజకీయాలను ఈనాటికీ ఆ పంతం వదల్లేదు.

కింది అంతస్తులో ఎనభై దాటిన ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. తెనాలి అమ్మాయి ఒకరోజు ఆవిడ కూరగాయల సంచీ మోసిపెట్టి, ఇంట్లో టీ తాగి వచ్చింది. ఆవిడ తండ్రి లీత్ రేవులో పనిచేసేవాడు. డిసెంబరు 25న కూడా చీకటితోనే లేచి పనికి పోయేవాడట. పిల్లలకు మేజోడులో ఒక నారింజపండు, ఒక బొమ్మ దొరికేవి, అంతే. 1958లో మొదటిసారి ఆ రోజు తండ్రి ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తోచలేదని ఆవిడ చెప్పింది. అలవాటు ఆ తర్వాత కూడా తొందరగా పోలేదు. 1976 డిసెంబరు 25న కూడా స్కాట్లాండ్‌లో లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడారు. క్రిస్మస్ మర్నాటికి సెలవు వచ్చింది 1974లోనే.

మరి పండుగ లేకుండా అంత పొడవైన చీకటిని జనం ఎలా దాటారు? పండుగను వారం తర్వాతకు జరుపుకున్నారు. స్కాట్లాండ్‌లో సంవత్సరాది మార్చి 25 నుంచి జనవరి 1కి మారింది 1600లోనే. ఇంగ్లండ్ ఆ పని చేసింది 1752లో. డిసెంబరు 31 రాత్రి, ఇక్కడివారి హోగ్మనే, దేవుడి పండుగ కాదు కాబట్టి చర్చి అంతగా అడ్డుపడలేదు. క్రిస్మస్‌కు ఉండాల్సిన విందు, కానుక, చుట్టపుచూపు అన్నీ ఆ ఒక్క రాత్రిలోకి వచ్చి చేరాయి.

ఎడిన్‌బరోలో ఆ రాత్రి జనం హై స్ట్రీట్‌లో ట్రాన్ చర్చి గడియారం కింద చేరేవారు. అన్నిసార్లూ శుభంగా ముగియలేదు. 1811 డిసెంబరు 31 రాత్రి కుర్రాళ్ల ముఠాలు దారిన పోయేవారి మీద పడి దోచుకున్నాయి. ఒక కాపలాదారు, ఒక గుమాస్తా చనిపోయారు. ముగ్గురు యువకులను 1812 ఏప్రిల్‌లో అదే వీధిలో ఉరితీశారు. ఇప్పటి వీధి ఉత్సవం 1993లో మొదలైంది. 1996లో జనం మరీ ఎక్కువై తొక్కిసలాట భయం పుట్టాక టికెట్లు పెట్టారు. గాలివాన వల్ల 2003లో, 2006లో ఆగిపోయింది. 2024లోనూ అంతే.

ఆ జంట కొన్న టికెట్లు 2024వే. బయట జరగాల్సిన కార్యక్రమాలన్నీ రద్దయ్యాయని డిసెంబరు 30న కబురు వచ్చింది. పెళ్లయ్యాక మొదటి కొత్త సంవత్సరం కోట మీది బాణసంచా కింద గడపాలని ఎంతో ఆశపడిన ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు మెట్ల మీద కనిపించిన ముసలావిడ మాత్రం అతని తల వైపు చూసి ఒకే మాట అడిగింది. "రాత్రి పన్నెండు దాటగానే మా ఇంటికి మొదటి అడుగు నువ్వు పెడతావా నాయనా?"

ఆ ఆచారానికి నియమాలున్నాయి. పన్నెండు గంటలు కొట్టకముందే ఇల్లు ఊడ్చి తుడవాలి, పొయ్యిలో బూడిద ఎత్తిపోయాలి, అప్పులు తీర్చేయాలి. గంటలు మోగకముందు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పకూడదు. మోగాక గడప దాటే మొదటి మనిషిని బట్టి ఆ ఇంటి ఏడాది ఉంటుంది. పొడవుగా, నల్లటి జుట్టుతో ఉన్న మగవాడైతే శుభం. ఉత్తచేతులతో మాత్రం రాకూడదు. పొయ్యి ఆరకుండా బొగ్గు, తిండికి లోటు రాకుండా షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లో, పిండి పొరలో ఎండుపళ్లు కూరి కాల్చిన బ్లాక్ బన్నో తేవాలి. దాహానికి విస్కీ. ఆవిడ ఇంట్లో ఇప్పుడు గ్యాస్ హీటర్ ఉంది. అయినా కాగితంలో చుట్టిన బొగ్గుముక్క ఒకటి దాచి ఉంచి, సాయంత్రమే అతని చేతికిచ్చింది. భర్త పోయాక ఆ పని చేసేవాళ్లు లేక కొన్నేళ్లుగా అది అలమరలోనే ఉండిపోయింది.

పన్నెండుకు ఆవిడ వెనుక కిటికీ తెరిచి పాత సంవత్సరాన్ని పంపేసింది. ఒకప్పుడు ఆ క్షణంలో లీత్ రేవులో ఓడలన్నీ కూతపెట్టేవట. అతను బొగ్గుముక్క, షార్ట్‌బ్రెడ్ డబ్బా, భార్య వండిన కజ్జికాయలు పట్టుకుని తలుపు తట్టాడు. అతనికి మందు అలవాటు లేదు. దానికీ ఇక్కడ ఏర్పాటుంది. మందు ముట్టనివారికి, పిల్లలకు హోగ్మనే రాత్రి అల్లం షర్బతు ఇస్తారు. అరగంటలో మెట్ల మీద తలుపులన్నీ తెరుచుకున్నాయి. కింద ఉండే పోలండ్ కుటుంబం, పైన ఉండే విద్యార్థులు వచ్చారు. వాళ్ల ఇళ్లలోకీ అతన్నే ముందు నడిపించారు.

నల్లజుట్టే ఎందుకంటే, ఎర్రజుట్టు, బంగారురంగు జుట్టు మగవాడు అర్ధరాత్రి తలుపు తట్టాడంటే వైకింగ్ దోపిడీదారు వచ్చినట్టేననేది జనం చెప్పుకునే కారణం. వైకింగులు 795లో అయోనా దీవి మీద పడ్డ మాట నిజమే. ఈ ఆచారం అక్కడి నుంచే వచ్చిందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ఇంకో పార్శ్వం కూడా ఉంది. మొదట ఆడమనిషి అడుగుపెడితే అశుభమని పాతవాళ్లు నమ్మేవారు. ఎదురొచ్చిన మనిషిని బట్టి శకునం చూసే ఊరి నుంచి వచ్చిన అమ్మాయికి ఆ మాట కొత్త కాదు, నచ్చనూ లేదు. ముసలావిడకు నేరుగా చెప్పింది. "నాకూ నచ్చదు. పద్దెనిమిదేళ్లప్పుడు మా అత్త ఇంటి బయట చలిలో నిలబెట్టారు, మగవాడెవడో వచ్చేదాకా" అంది ఆవిడ. ఆచారంలో మంచిని ఉంచుకుని చెడును వదిలేయవచ్చు. ఆ భవనంలో వదిలేశారు కూడా. రెండో అంతస్తులో ఎదురింటికి ఆ రాత్రి మొదటి అడుగు ఆమే పెట్టింది. అయితే వలస వచ్చినవాడి జుట్టు రంగు ఏ దేశంలోనైనా ముందు అతన్ని పరాయివాడిగా చూపిస్తుంది. స్కాట్లాండ్‌లో ఏడాదికి ఒక్క రాత్రి అదే రంగు కోసం తలుపు తీసి పిలుస్తారు. ఇక్కడ కాపురం పెట్టే తెలుగువాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన స్కాట్లాండ్ ఇదేనని ఈ వ్యాసకర్త గట్టి నమ్మకం. టికెట్ల ఉత్సవం ఆ తర్వాతి మాట.

జనవరి 1న తెనాలికి ఫోన్ చేస్తే, చరిత్ర లెక్చరరుగా రిటైరైన ఆమె తండ్రి వేరే సంగతి ఎత్తాడు. "అమ్మా, కాలిన్ మెకంజీ పుట్టింది ఆ దేశంలోనే, తెలుసా?" నిజమే. 1754లో లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టిన ఆ సర్వేయరు, ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన ఊళ్ల చరిత్రలు సేకరించాడు. కైఫీయతులు అనే ఆ గ్రామచరిత్రలు లేకపోతే ఎన్నో తెలుగు గ్రామాలకు రాతలో గతమే ఉండేది కాదు.

స్కాట్లాండ్‌లో జనవరి 2 కూడా సెలవే. ఇంగ్లండ్‌లో కాదు. ఉత్తరాన బర్గ్‌హెడ్ అనే ఊరు 1752లో క్యాలెండరు నుంచి తీసేసిన పదకొండు రోజులను ఇప్పటికీ లెక్కలోకి తెచ్చుకుని, జనవరి 11న మండే పీపాను వీధుల్లో తిప్పి తన పాత సంవత్సరాదిని జరుపుకుంటుంది. భోగి ఆ తర్వాత రెండు మూడు రోజులకే. ఆ నెల 25న కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందు. పాత స్నేహాల మీద ప్రపంచమంతా కొత్త సంవత్సరం రాత్రి పాడుకునే పాటను 1788లో కాగితం మీద పెట్టింది ఆయనే. పై అంతస్తు విద్యార్థులు ఆ విందుకు వీళ్లనూ పిలిచారు. గొర్రె కాలేయం, గుండె, ఓట్స్ కలిపి వండే హ్యాగిస్ తప్పనిసరి. శాకాహారులకు పప్పుధాన్యాలు, ఓట్స్‌తో చేసిన హ్యాగిస్ కూడా ఉంది. దాన్ని ఎడిన్‌బరోకే చెందిన మాక్స్వీన్ సంస్థ 1984లో తెచ్చింది. పక్కన ముల్లంగి జాతి దుంప ముద్ద, బంగాళాదుంప ముద్ద.

విందులో ఒక మగవాడు ఆడవాళ్ల గురించి మాట్లాడితే, ఒక ఆడమనిషి జవాబు చెప్పాలి. ఆ జవాబు తెనాలి అమ్మాయికి అప్పగించారు. ఆమె వారం రోజులు చదివి, బర్న్స్ గురించి కాక ఆయన భార్య జీన్ ఆర్మర్ గురించి మాట్లాడింది. 1796 జులై 25న బర్న్స్ అంత్యక్రియలు జరిగిన రోజే జీన్ కొడుకును కన్నది. భర్తకు మరో స్త్రీ వల్ల పుట్టిన ఆడపిల్లను తన పిల్లలతో పాటే పెంచింది. ఆయన పోయాక దాదాపు ముప్పై ఎనిమిదేళ్లు బతికి 1834లో డంఫ్రీస్‌లో తాము కాపురమున్న ఇంట్లోనే కన్నుమూసింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఎడిన్‌బరో నుంచి నైరుతిగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పగళ్లు పొడుగయ్యాక ముసలావిడను కూడా తీసుకుని వెళ్లాలని ఆ భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు.