కారుకు కరెంటు: ఇంట్లోనా, బయటా?

విద్యుత్ కారుకు మొదట అలవాటైంది బయటి ఛార్జింగే. 1897లో న్యూయార్క్‌లో తిరగడం మొదలుపెట్టిన విద్యుత్ టాక్సీలకు సొంత స్టేషన్ ఉండేది. బండి రాగానే వాడేసిన బ్యాటరీని యంత్రంతో లాగేసి, నిండుగా ఛార్జయినదాన్ని ఎక్కించి పంపేవారు. 1900 నాటికి అమెరికా కార్లలో దాదాపు మూడో వంతు విద్యుత్తుతో నడిచేవే అయినా, చాలా ఇళ్లలో అప్పటికింకా కరెంటే లేదు. అందుకే నగరాల్లో ప్రత్యేక గ్యారేజీలు వెలిశాయి. నెలకింత అని కడితే చాలు, రాత్రికి రాత్రే కారు కడిగి, బ్యాటరీ ఛార్జ్ చేసి, తెల్లారేసరికి ఇంటి ముందు నిలిపేవారు. ఇంత సుఖం ఇవాళ్టి ఛార్జింగ్ స్టేషన్లలోనూ లేదు.

కరెంటున్న ఇళ్లలో చిక్కు వేరు. బ్యాటరీకి ఒకే దిశలో పారే డీసీ కావాలి, ఊళ్లలో విస్తరిస్తున్నది దిశ మారుతుండే ఏసీ. 1902లో పీటర్ కూపర్ హ్యూవిట్ కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయర్ దీనికి దారి చూపింది. అది అడుగున పాదరసం నిలిచిన పెద్ద గాజు బుడ్డి. దాన్ని కాస్త వంచితే పాదరసం కదిలి రెండు కొసలను కలుపుతుంది. మళ్లీ నిలబెడితే ఆ కలయిక తెగి, నిప్పురవ్వ పుట్టి, బుడ్డి అంతా నీలివెలుగు నిండుతుంది. ఏసీ డీసీగా మారడం అక్కడి నుంచి మొదలు. జనరల్ ఎలక్ట్రిక్ వీటిని ఇళ్లకూ అమ్మింది. కాకపోతే వాటిని పెట్టుకోవడానికి సొంత గ్యారేజీ ఉండాలి. ఇంటి ఛార్జింగ్ కలిగినవారి సౌకర్యంగానే మిగిలింది.

రాత్రిపూట ఖాళీగా ఉండే జనరేటర్లకు పని దొరుకుతుందని విద్యుత్ కంపెనీలు ఈ కార్లను నెత్తికెత్తుకున్నాయి. 1910లో అమెరికా విద్యుత్ వాహన సంఘం ఏర్పడటం వెనుక ఉన్నది వాళ్లే. హార్ట్‌ఫర్డ్ నగరపు విద్యుత్ కంపెనీ మరో అడుగు ముందుకేసింది: లారీ యజమానిది, బ్యాటరీ కంపెనీది, తిరిగిన మైళ్లను బట్టి కిరాయి. అయినా పల్లెలకు కరెంటు చేరలేదు. పెట్రోలు మాత్రం డబ్బాల్లో ఎక్కడికైనా చేరింది. 1912లో కాడిలాక్ పెట్రోలు కారుకు సెల్ఫ్ స్టార్టర్ రావడంతో హ్యాండిల్ తిప్పే బాధా తప్పింది. విద్యుత్ కార్లు క్రమంగా కనుమరుగయ్యాయి.

మళ్లీ 1990లలో కాలిఫోర్నియాలో కథ మొదలైంది. ఈసారి తగువు ప్లగ్గు మీద. తీగలు తగలకుండా అయస్కాంత క్షేత్రంతో కరెంటు పంపే పద్ధతి ఒకటి, లోహపు పిన్నులు కలిపేది మరొకటి. 2001లో ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు పిన్నుల వైపే మొగ్గింది.

అదే ఏడాది బెంగళూరులో వచ్చిన రేవా కారుకు ఇంట్లోని 15 ఆంపియర్ల సాకెట్టే చాలింది. బయటి స్టేషన్లకు మాత్రం చట్టం అడ్డొచ్చింది: లైసెన్సు లేనివారు కరెంటు అమ్మకూడదు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ, ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదు, సేవ మాత్రమేనని తేల్చింది. ఆ డిసెంబరులో వచ్చిన మార్గదర్శకాలు నగరాల్లో 3 కిలోమీటర్ల గడికి ఒకటి, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా ఒక్కోటి చొప్పున స్టేషన్లు ఉండాలన్నాయి. ఇళ్లలో, ఆఫీసుల్లో సొంతంగా ఛార్జ్ చేసుకోవడానికీ అవే అనుమతినిచ్చాయి.