సీటు లేదంటే...

‘సీటు’ అన్న మాట తెలుగులోకి వచ్చి ఎంత పెద్దదైపోయిందో చూడండి. బస్సులో సీటు, అసెంబ్లీలో సీటు, బళ్ళో సీటు! మొదటిది కిటికీలోంచి చేతిరుమాలు వేసి దక్కించుకోవచ్చు. రెండోదాని సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు. ఎటొచ్చీ మూడోదే తల్లుల ప్రాణం మీదికి తెస్తుంది.

మా మాదాపూర్ ఒకప్పుడు బండరాళ్ళూ, దుర్గం చెరువూ, పక్కన పల్లెలూ. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక మేడలు లేచాయి. మేడల వెనకే బళ్ళు లేచాయి. ఆ మేడలు కట్టిన కూలీల పిల్లలూ, ఆ మేడల్లో అంట్లు తోమే తల్లుల పిల్లలూ కూడా ఇక్కడే పెరుగుతున్నారు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకనాడు, “పుట్టిన కాగితం లేదని పోరణ్ణి బళ్ళో చేర్చుకోమన్నరమ్మా” అంది, పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా. “వాళ్ళు వద్దంటే అంతే గదమ్మా!” అని కూడా అంది.

ఆ ‘అంతే గద’ నన్ను పట్టుకుంది. నిజంగా అంతేనా? వద్దన్నాక మళ్ళీ అడిగినవాళ్ళు చరిత్రలో లేరా?

వీధిబడి రోజుల్లో సీట్ల గొడవే లేదంటారు పెద్దలు. పంతులుగారికి జీతం ముట్టి, అరుగుమీద చోటుంటే చాలునట. కాని ఆ అరుగు ఎక్కనివ్వని పిల్లలు ఊరికెంతమంది! వాళ్ళ తల్లులు ఎవరికి చెప్పుకుంటారు? కాదన్నదాన్ని మళ్ళీ విచారించే చోటే లేదు.

అమెరికాలో 1884లో మామీ టేప్ అనే ఎనిమిదేళ్ళ చీనా పిల్లని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక బడి చేర్చుకోనంది. తల్లిదండ్రులు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. 1885 మార్చిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు పిల్లని చేర్చుకోవలసిందే అంది. అయితే అధికారులు తక్కువవాళ్ళా? ఆదరాబాదరాగా చీనా పిల్లలకి వేరే బడి పెట్టి అందులోకి పొమ్మన్నారు. తల్లి మేరీ టేప్ మండిపడుతూ రాసిన ఉత్తరం పత్రికలో అచ్చయింది. కేసు గెలవడం వేరు, సీటు దొరకడం వేరు సుమండీ!

మన దగ్గరికి వద్దాం. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులు. అక్కడి కాలేజీల్లో ప్రతి 14 సీట్లనీ కులమతాల వారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వు ఉండేది. 1950లో చంపకం దొరైరాజన్ అనే ఆవిడ, వైద్య కళాశాలలో తనకి చోటు రాకుండా ఆ ఉత్తర్వు అడ్డుపడుతోందని కోర్టుకు వెళ్ళింది. తమాషా ఏమిటంటే, ఆవిడ అసలు దరఖాస్తే పెట్టలేదని తరవాత తేలింది. ఐనా 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. అయితే తరతరాలుగా అరుగు ఎక్కని పిల్లల మాటేమిటి? అదే ఏడు జూన్‌లో రాజ్యాంగానికి మొట్టమొదటి సవరణ చేసి, వెనకబడినవారికి ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించారు. ఒక సీటు తగాదా రాజ్యాంగం దాకా పోయిందన్నమాట.

మరో తగాదా మన తెలుగు గడ్డ పేరు మీదే ఉంది. కాపిటేషన్ ఫీజు కూడదని 1983లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఇలాంటి చట్టాల మీద ప్రైవేటు కాలేజీలవారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు చెబుతూ, 14 ఏళ్ళ లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కు అంది కోర్టు. పదేళ్ళలో పిల్లలందరికీ ఉచిత చదువు అందించే ప్రయత్నం చేయాలని 1950లోనే రాజ్యాంగం చెప్పింది మరి! 2002లో ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది.

ఆ చట్టం చదివితే, ‘అంతే గద’కి జవాబు దొరికింది. వయసు కాగితం లేదని ఏ పిల్లకీ చోటు కాదనకూడదు. చేర్చుకునే ముందు పిల్లకి గాని, తల్లిదండ్రులకి గాని పరీక్ష పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆపైన ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. కాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పదిరెట్ల దాకా. ప్రైవేటు బళ్ళు మొదటి తరగతిలో నాలుగోవంతు సీట్లు పేద, వెనకబడిన ఇళ్ళ పిల్లలకి ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించి, 2014లో మైనారిటీ బళ్ళకి మాత్రం ఈ చట్టం వర్తించదంది. ఆ నాలుగోవంతు మన తెలుగునాట ఏళ్ళతరబడి కాగితం మీదే నిలిచిపోవడం వేరే కథ.

కాదంటే ఏం చేయాలి? స్థానిక ప్రాధికార సంస్థకి రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మూడు నెలల్లో ఇరుపక్షాల మాటా విని తేల్చాలి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి అప్పీలు. ఇంగ్లండులో తల్లిదండ్రుల అప్పీళ్ళు వినే కమిటీలు 1980 చట్టంతో వచ్చాయి. మనకి ముప్ఫయ్యేళ్ళు ఆలస్యమైనా దారంటూ పడింది.

కాని దారి ఉన్నంత మాత్రాన సరా? నోటిమాటతో ‘లేదు’ అంటే, ఎందుకు లేదో కాగితం మీద రాసిమ్మనాలి. మన అర్జీకి నకలు ఉంచుకోవాలి, ముట్టినట్టు తేదీతో సంతకం తీసుకోవాలి. రేషను కార్డులూ, గ్యాసు పుస్తకాలూ భద్రంగా దాచే మనకి ఇదేమంత కష్టం? చదువు రాని తల్లికి మాత్రం ఆ నాలుగు వాక్యాలే కొండ. ఆ కొండ ఎక్కించడానికి మనలాంటి వాళ్ళు ఓ మధ్యాహ్నం కేటాయిస్తే చాలండీ.