గ్రామఫోను ప్లేట్లు - మొదట పాడినవాళ్ళు



మీ ఇళ్ళలో అటక మీద పాత గ్రామఫోను ప్లేట్లు ఎవరికైనా ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఒక్క పది నిమిషాలు నా మాట వినండి. నల్లగా, బరువుగా, చెయ్యి జారితే పెళుక్కున పగిలే ఆ ప్లేట్లను చూసి, "ఇంకెందుకూ, వాయించడానికి పెట్టే లేదుగా" అనుకుంటాం. పెట్టె సంగతి సరే. నన్నడిగితే ఆ ప్లేటు మన ఆడవాళ్ళ చరిత్రలో ఒక కాగితం లాంటిది. మన దేశంలో ఆ ప్లేటు కెక్కిన తొలి గొంతులలో ముందు వరసన ఉన్నది ఆడవాళ్ళే మరి!

మాటను పట్టి నిలిపే యంత్రాన్ని ఎడిసన్ దొరగారు 1877లో అమెరికాలో చేశారు. అది గుండ్రటి గొట్టం. దాన్ని పళ్ళెంలా బల్లపరుపుగా మార్చిన ఆయన బెర్లినర్, 1887లో. పళ్ళెమైతే ఒక అచ్చు నుంచి వేలకొద్దీ తీయవచ్చు. పాట బజారులో అమ్మే సరుకు అయింది అక్కడే.

1902 చివర లండనులోని గ్రామఫోను కంపెనీవారు ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయనను కలకత్తా పంపారు. నవంబరు 8న శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు నాటకశాల అమ్మాయిలు పాడారు. మరి మూడు రోజులకు గౌహర్ జాన్ వచ్చింది. పెద్ద పెద్ద ఉస్తాదులు చాలామంది దూరంగా ఉన్నారు. తమ విద్య బజారు పాలవుతుందని కొందరికి భయం, యంత్రం గొంతు లాగేసుకుంటుందని కొందరికి అనుమానం. ఇక సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది! వాళ్ళ పాట ప్లేటు కెక్కించడం అసాధ్యమైన పని అని గైస్‌బర్గే తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. ముందుకు వచ్చినవాళ్ళు ఎవరయ్యా అంటే, పాటే బ్రతుకు తెరువైన స్త్రీలు. పదిమందిలో పాడినందుకే లోకం చిన్నచూపు చూసినవాళ్ళు.

గౌహర్ జాన్ 1873లో ఆజంగఢ్‌లో పుట్టింది. పుట్టినప్పటి పేరు ఏంజెలీనా. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి ఇస్లాం తీసుకుని మల్కా జాన్ అయింది, గాయనిగా పేరు తెచ్చుకుంది. కూతురు తల్లిని మించింది. ఆవిడ పాడిన గదిలో మైకు లేదు, కరెంటు లేదు. గోడలోంచి పొడుచుకువచ్చిన ఒక బూర, దానిలోకి తల పెట్టినంత పని చేసి గట్టిగా పాడాలి. అవతల మైనపు పళ్ళెం మీద సూది గీత గీస్తుంది. తప్పు పడితే దిద్దుకోవడం లేదు, మళ్ళీ కొత్త పళ్ళెమే. పైగా సమయం మూడు నిమిషాలు! గంటసేపు విస్తరించి పాడే రాగాన్ని మూడు నిమిషాలలో, రుచి చెడకుండా ఎలా కుదించాలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. సినిమా పాట మూడు, నాలుగు నిమిషాలు ఉండడమనే అలవాటు ఈ ప్లేటు కొలత నుంచే వచ్చిందంటే మీరు నమ్మాలి.

పాట చివర ఆవిడ ఇంగ్లీషులో, తన పేరు గౌహర్ జాన్ అని చెప్పేది. గర్వం అనుకునేరు! అచ్చులు వేయడానికి ఆ మైనపు పళ్ళేలు జర్మనీలోని హానోవరుకు వెళ్ళేవి. అక్కడి పనివాళ్ళకు ఏది ఎవరిదో తెలియాలి గదా. కాని నాకు మాత్రం ఆ చిన్న మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంటి ఆడదాని పేరు బయటికి చెప్పడమే తప్పనుకునే రోజుల్లో ఒక స్త్రీ తన పేరు తనే గట్టిగా చెప్పుకుని వెళ్ళింది. పదికి పైగా భాషలలో ఇంచుమించు ఆరువందల ప్లేట్లు ఇచ్చింది. అగ్గిపెట్టెల మీద కూడా ఆవిడ బొమ్మ వేశారు.

1908లో కలకత్తా సియాల్దాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. ప్లేటు దేనితో చేస్తారో తెలుసునా? లక్కతో! మన గాజులకూ, ఏటికొప్పాక బొమ్మలకూ వాడే లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలకు పట్టే పురుగులు ఇచ్చేది. అందులో రాతిపొడి, మసి కలిపి, వేడి మీద అచ్చు కొడతారు. ప్రపంచమంతా వాయించుకున్న ప్లేట్లలోని లక్క చాలావరకు మన దేశపు అడవులదే.

ఇక మన దక్షిణాదికి వద్దాం. ఇక్కడా అదే కథ. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ... పేర్లు గమనించారా? ఇంటిపేరు ఉండవలసిన చోట ఊరి పేరు ఉంది. తండ్రి పేరో, భర్త పేరో చెప్పుకోవలసిన అవసరం లేని స్త్రీలు వీరు. ఊళ్ళు అరవదేశంవీ, కన్నడదేశంవీ అయినా, పాడినవాటిలో మన తెలుగు కీర్తనలూ, పదాలూ, జావళీలూ ఎన్నో! నాగరత్నమ్మగారైతే 1910లో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అచ్చు వేయించారు. బూతు పుస్తకమని ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. అంటే, ఆవిడ గొంతు వినడానికి ఇళ్ళలో అడ్డు లేదు, ఆవిడ వేయించిన పుస్తకం చదవడానికి మాత్రం వీలు లేదన్నమాట! తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిందీ, అక్కడి ఉత్సవాలలో ఆడవాళ్ళకు పాడే చోటు లేదంటే పోరాడి సంపాదించిందీ ఆవిడే.

ఇక్కడే నాకు ఎప్పుడూ విచిత్రంగా తోచే సంగతి ఒకటుంది. ఏ స్త్రీలను గడప తొక్కనివ్వరో, వాళ్ళ పాట నడిమింట్లో మోగింది. ఏ స్త్రీలు గడప దాటరో, వాళ్ళు తలుపు వెనక కూర్చుని విన్నారు, నేర్చుకున్నారు. మా అత్తగారి పుట్టింట్లో ఒక ప్లేటు ఉండేది. అందులో ఒక్కచోట మాత్రం గీతలు అరిగి తెల్లబడి ఉండేవి. ఒక సంగతి పట్టుబడక, సూది ఎత్తి మళ్ళీ మళ్ళీ అక్కడే పెట్టి నేర్చుకున్నారట ఆ ఇంటి పెద్దావిడ. గురువు ముందు కూర్చునే భాగ్యం లేదు, ప్లేటే గురువు.

నాటకాల ప్లేట్ల సంగతి మీ అందరికీ తెలిసిందే. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు వినని పల్లె ఉండేది కాదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా పాడిన "మీరజాలగలడా" పాటకు పరవశించని వాళ్ళు లేరు. ఆడవేషానికి కూడా మగవారి గొంతే మరి, రంగస్థలం మీద మనకు చోటేదీ!

1925లో విద్యుత్తు మైకు వచ్చాక అరిచి పాడవలసిన బాధ తప్పింది, మెల్లని గొంతులకూ రోజులు వచ్చాయి. పదేళ్ళ పాపగా ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మిగారు తొలి ప్లేటు ఇచ్చింది ఆ దరిదాపుల్లోనే. 1930లలో డి.కె. పట్టమ్మాళ్‌గారి వంటి సంప్రదాయ కుటుంబాల అమ్మాయిలు కూడా ముందుకు వచ్చారు. సంతోషమే. కాని వీరికి దారి వేసిన వాళ్ళను లోకం చల్లగా మరచిపోయింది. గౌహర్ జాన్ 1930 జనవరిలో, పుట్టిన ఊరికీ పేరు తెచ్చిన ఊరికీ దూరంగా, మైసూరులో కన్నుమూసింది.

కొందరు సేకర్తలు ఈ ప్లేట్లను వెతికి కంప్యూటరు కెక్కించారు గనుక, గౌహర్ జాన్ గొంతు ఇప్పుడు మీ ఫోనులోనే వినవచ్చు. గరగర చప్పుడుకు విసుక్కోకండి, రెండోసారి వింటే చెవి అలవాటు పడుతుంది.

మీ అటక మీదివి దింపితే మాత్రం నాలుగు జాగ్రత్తలు. ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టకండి, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. ఎండ తగిలితే లక్క వంగిపోతుంది. మెత్తని గుడ్డతో గీతల వెంట గుండ్రంగా తుడవండి. స్పిరిటు జోలికి పోవద్దు సుమా, లక్క కరిగి పాటే పోతుంది. తరువాతి కాలపు ఎల్.పి. రికార్డుల సూది వీటికి పనికిరాదు, గీత వెడల్పు వేరు. చివరగా మధ్యనున్న కాగితం మీది పేరూ, నంబరూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మొదట చెరిగిపోయేది ఆ పేరే.