మనీలా విలేఖరులు ఇచ్చే కిరీటం

2021 జులై 26, సాయంత్రం. మనీలా టీంతో కాల్‌లో ఉన్నాం. కరోనా రోజులు కదా, ఎవరిళ్ళలో వాళ్ళున్నారు. నేనేదో ప్రొడక్షన్ ఇష్యూ గురించి మహా సీరియస్‌గా చెప్తుంటే అవతల నలుగురి మైకుల్లోంచీ ఒకేసారి కేకలు. సర్వర్ పోయిందేమో అని హడలి చచ్చాను :). తీరా చూస్తే హిడిలిన్ డియాజ్ అనే అమ్మాయి టోక్యోలో 127 కేజీలు ఎత్తేసింది. మొత్తం 224 కేజీలు, 55 కేజీల విభాగంలో స్వర్ణం. చైనా అమ్మాయి 223 దగ్గర ఆగిపోయింది. ఒక్క కేజీ తేడా! ఫిలిప్పీన్స్ మొదటిసారి ఒలింపిక్స్‌కి వెళ్ళింది 1924లో. తొలి బంగారం రావడానికి 97 ఏళ్ళు పట్టింది. ఇక ఇష్యూ సంగతి ఎవడిక్కావాలి?

ఆ రాత్రి ఈవిడెవరో చూద్దామని కూర్చుంటే తీగ లాగితే డొంకంతా కదిలింది. అలా తగిలిందే ఫిలిప్పీన్ స్పోర్ట్స్ రైటర్స్ అసోసియేషన్, పొట్టిగా పీఎస్ఏ. 1949లో పుట్టిన సంఘం. ఏటా, గడిచిన ఏడాదికి "అథ్లెట్ ఆఫ్ ది ఇయర్" ఎవరో తేలుస్తుంది. పదిహేడేళ్ళ లోపు పిల్లలకి కూడా అవార్డులున్నాయి, వాటికి టోనీ సిడ్డయావో అనే పాత తరం స్పోర్ట్స్ ఎడిటర్ పేరు పెట్టుకున్నారు.

నాకు నచ్చిన విషయం ఏంటంటే, ఇది సర్కారు వారి అవార్డు కాదు. మన అర్జున (1961 నుంచి), ఖేల్ రత్న రెండూ ప్రభుత్వం ఇచ్చేవే. ఆటగాళ్ళు దరఖాస్తులు పెట్టుకోవడం, లిస్టులో పేరు లేదని అలగడం, కోర్టులకెక్కడం మనం చూసిందే. అక్కడ మాత్రం ఏడాది పొడుగునా స్టేడియంలో కూర్చుని చూసి రాసినవాళ్ళే తేలుస్తారు. అలాగని విలేఖరులంతా సత్యహరిశ్చంద్రులని నేననను. కానీ చూసినవాడి తీర్పుకీ ఫైలు చదివినవాడి తీర్పుకీ తేడా ఉంటుంది కదా!

ఒక్కోసారి వీళ్ళూ గోడ మీద పిల్లి వాటంగా తేల్చేస్తారు లెండి. 2019నే తీసుకోండి. కార్లోస్ యూలో జిమ్నాస్టిక్స్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, నెస్తీ పెటెసియో మహిళల బాక్సింగ్‌లో అయ్యింది. మరి అవార్డు ఎవరికి? సౌత్ ఈస్ట్ ఏషియన్ గేమ్స్‌లో 149 స్వర్ణాలు తెచ్చిన టీం ఫిలిప్పీన్స్ మొత్తానికి! రాత్రంతా మేలుకుని బగ్ ఫిక్స్ చేసింది ఒకడైతే పొద్దున్నే "గ్రేట్ టీం వర్క్" అని మెయిల్ కొట్టే మేనేజర్ గుర్తొచ్చాడు నాకు.

సరే, డియాజ్ దగ్గరికొద్దాం. జాంబోయాంగా అమ్మాయి, తండ్రి ట్రైసికిల్ నడిపేవాడు. లండన్ ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ ఒక్కటీ ఎత్తలేక ఉత్త చేతులతో వచ్చింది. 2016 రియోలో రజతం తెచ్చింది. దేశానికి ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన ఒలింపిక్ పతకం, ఒక మహిళ తెచ్చిన మొట్టమొదటిది. ఆ ఏటి పీఎస్ఏ అవార్డు ఆమెదే. 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాక గోల్ఫ్ అమ్మాయిలు ముగ్గురితో, స్కేట్ బోర్డ్ అమ్మాయి మార్జిలిన్ డిడల్‌తో కలిపి మళ్ళీ ఇచ్చారు. ఇది 2019 మొదట్లో సంగతి.

ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడుపడదు. అదే ఏడాది మే నెలలో, అధ్యక్షుణ్ణి కూల్చే కుట్ర అంటూ అధ్యక్ష భవనం చూపించిన ఒక పటంలో ఈవిడ పేరు! నాకేం సంబంధం లేదు మొర్రో అని చెప్పుకోవాల్సి వచ్చింది. జూన్‌లో టోక్యో ప్రిపరేషన్‌కి డబ్బు చాలట్లేదు, స్పాన్సర్లెవరైనా ఉంటే చూడండని ఇన్‌స్టాగ్రాంలో అడుక్కోవాల్సి వచ్చింది. దేశంలోకెల్లా మేటి క్రీడాకారిణి అని కిరీటం పెట్టి నాలుగు నెలలైనా సరిగ్గా గడవలేదు. 2020లో శిక్షణకి మలేషియా వెళ్తే లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయింది. జిమ్ములు మూత. వెదురు కర్రకి అటొకటి ఇటొకటి పెద్ద నీళ్ళ సీసాలు కట్టి ఎత్తింది.

గెలిచాక మాత్రం కోటి పెసోలు (అది 2015 చట్టం ప్రకారమే రావాల్సింది), దానిపైన వ్యాపారస్తుల నజరానాలు. 2021కీ, 2022కీ పీఎస్ఏ అవార్డు ఆమెకే. అయినా అదృష్టవంతురాలనే అనాలి. 1996 అట్లాంటాలో రజతం గెలిచిన బాక్సర్ ఓన్యోక్ వెలాస్కో, తనకి చేసిన వాగ్దానాల్లో చాలావాటికి దిక్కులేదని చెప్పుకుంటూనే వచ్చాడు. పాతికేళ్ళ తర్వాత, డియాజ్ స్వర్ణం గొడవలో అందరికీ ఆయన గుర్తొస్తే, 2021లో ప్రభుత్వం 5 లక్షల పెసోలు ఇచ్చింది.

మన పాత తరానికి బాగా తెలిసిన ఫిలిప్పీనో పేరు ఇంకోటుంది, లిడియా డి వేగా. 1982 ఢిల్లీలోనూ 1986 సియోల్‌లోనూ వంద మీటర్లలో మన పి.టి.ఉషని రెండో స్థానంలోకి నెట్టింది ఈవిడే. సియోల్‌లో ఉష నాలుగు స్వర్ణాలు గెలిచినా ఆ వంద మీటర్లు మాత్రం దక్కలేదు. మా నాన్నకి ఆ పేరంటే ఇప్పటికీ గుర్రే. అలాంటి మనిషికి క్యాన్సర్ వస్తే 2022 జులైలో కుటుంబం ఆర్థిక సాయం కోసం బహిరంగంగా విజ్ఞప్తి చేసుకుంది. ఆగస్టులో పోయింది, 57 ఏళ్ళకి. నాన్నకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

2024లో పారిస్‌లో, అంటే ఆ దేశం తొలి ఒలింపిక్స్ ఆడిన ఊళ్ళోనే సరిగ్గా వందేళ్ళకి, యూలో వరసగా రెండు రోజుల్లో రెండు స్వర్ణాలు కొట్టాడు. ఈసారి టీం మొత్తానికి పంచే వీల్లేదు! 2025 జనవరిలో పీఎస్ఏ అవార్డు అతనికే ఇచ్చారు. మర్నాడు కాల్‌లో మా మనీలా మిత్రుణ్ణి కంగ్రాట్స్ అంటే పెద్దగా అరవలేదు. "2019లోనే ఇచ్చుండాల్సింది" అని గొణిగి, స్టేటస్ చెప్పడం మొదలెట్టాడు.