ఆయకట్టు చివర మా నాన్న

రాయచూరు నుంచి మంత్రాలయం పోయే దారిలో ఉంది మా గిల్లేసూగూరు. శ్రావణ బహుళంలో రాఘవేంద్రస్వామి ఆరాధన రోజుల్లో ఈ దారి కిటకిటలాడుతుంది. టీ కోసం ఆగేవాళ్లే తప్ప ఊళ్లోకి వచ్చి చూసేవాళ్లు ఉండరు. చూడ్డానికి ఏముందని అడిగితే చటుక్కున నాకూ జవాబు తట్టదు.

స్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. మామూలు లెక్కలో అది వర్ధంతి. కానీ పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అంటూ మూడు రోజులు రథోత్సవాలతో, పంచభక్ష్యాలతో పండగ చేస్తారు. తుంగభద్రకు ఇటు ఒడ్డున మాకు దగ్గర్లోనే ఉంది బిచ్చాలి, స్వామి శిష్యుడు అప్పణాచార్యుల ఊరు. గురువు బృందావనంలోకి వెళ్లే వేళకు ఆయన చేరుకోలేకపోయాడనీ, పొంగుతున్న తుంగభద్రను దాటుతూ స్తోత్రం అల్లుకుంటూ పరుగున వచ్చాడనీ చెబుతారు. ఆఖరి చూపు దక్కనివాడి దుఃఖమే ఈనాటికీ ఇళ్లలో నిత్యపారాయణంగా సాగుతోంది. దర్గాల దగ్గర ఉరుసులూ అంతే, పీరు పోయిన రోజున గంధం, దీపాలు, కవ్వాలీ. పెద్దల అమావాస్యకు పేదింట్లో కూడా పోయినవాళ్ల పేరున కొత్తబట్ట పెడతారు. ఇలాంటి నేల మీద మా నాన్న సంవత్సరీకాన్ని ఏడుపుతో ఎలా చేస్తాం?

నాన్న 2023 నిజ శ్రావణంలో పోయారు. మరుసటి ఏడు తిథి వచ్చేనాటికి, చుట్టాలంతా మా ఇంటికి చేరుకునే వేళకు, ఎవరి నోట విన్నా ఒకటే మాట: గేటు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లున్న డ్యాములో ఒక్కటి పోతే, దాని బిగింపు కోసం నిండుకుండ లాంటి జలాశయాన్ని ఖాళీ చేయాల్సిన పరిస్థితి. పిండాలు పెట్టే చోట బ్రహ్మగారు మంత్రం చెబుతుంటే వెనక వరసలో ఫోన్లలో ఆ నీళ్ల వీడియోలే. నాన్నకు ఇంతకన్నా ఇష్టమైన కాలక్షేపం ఉండదు. ఆయన బతికుంటే తద్దినాన్ని మధ్యలో ఆపించి ‘అవుట్‌ఫ్లో ఎంతటా?’ అని అడిగేవారు.

ఆ డ్యాముతో మా ఇంటికి ఉన్న సంబంధం చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1945 ఫిబ్రవరి 28న అటు ఒడ్డున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్, ఇటు ఒడ్డున నిజాం పెద్దకొడుకు బేరార్ యువరాజు శంకుస్థాపన చేశారు. మాది అప్పుడు హైదరాబాదు రాజ్యం. 1953లో నీళ్లు వదిలారు. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎడమ కాలువ మొత్తం పొడవు 227 కిలోమీటర్లు, అందులో మేము ఉన్నది చివరి కొసన. గంగావతి, సింధనూరు వైపు నీళ్లు పారాక, తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఇటు రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఆ కాలువ వెంబడే కోస్తా జిల్లాల నుంచి రైతులు బండ్లూ రైళ్లూ ఎక్కి వచ్చి క్యాంపులు వేసుకున్నారు. మా తాత తెనాలి వైపు ఉన్న కొద్దిపాటి మాగాణి అమ్మేసి, ఎనిమిదేళ్ల మా నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది అలాగే.

ఈ భాగాన్ని మా వాళ్లు వీరగాథలా చెబుతారు: ముళ్లకంపలు కొట్టాం, పాముల మధ్య పడుకున్నాం, బీడును బంగారం చేశాం అని. నిజమే, కష్టపడ్డారు. కానీ అది బీడేం కాదు. జొన్న, పత్తి, వేరుశనగ పండే నల్లరేగడి. నీళ్లు వస్తాయన్న సంగతి మావాళ్లకు తెలిసినంతగా ఊరివాళ్లకు తెలియలేదు. చవగ్గా అమ్ముకున్నారు. అమ్మినవాళ్లలో కొందరు తర్వాత ఆ పొలంలోనే నాట్లకు వచ్చారు. నాన్న ఈ మాట దాచేవారు కాదు. ‘మనకు అన్నం పెట్టింది కాలువ ఒక్కటే కాదు, ఆళ్ల తెలియనితనం కూడా’ అని భోజనాల దగ్గర అనేసేవారు. క్యాంపు పెద్దలకు ఆ మాట మింగుడుపడేది కాదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఎడమ కాలువను వరి కోసం కట్టలేదు. ఎక్కువ ఊళ్లకు కొద్దికొద్దిగా నీళ్లిచ్చి కరువు నుంచి కాపాడాలని, అధికభాగం ఆరుతడి పంటలకే లెక్క కట్టారు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ‘లోకలైజేషన్’ అని కాగితాల మీద రాశారు. కాగితం కాగితంగానే ఉంది. పైన నీళ్లు చూసిన రైతు వరి వేశాడు, ఆ పైన రెండో పంటా వేశాడు. దానికి తోడు డ్యాములో పూడిక చేరి, మొదట 133 టీఎంసీలకు కట్టినది 105కు దిగింది. కొసన ఉన్న రాయచూరు తాలూకాకు మిగిలింది ధర్నాలు. 69వ మైలు దగ్గర గేజీ ఎంత, 104వ మైలు దగ్గర ఎంత అన్నది మా ఇళ్లలో జ్వరం డిగ్రీలు అడిగినట్టు అడిగేవారు.

తమాషా ఏమిటంటే, పైన నీళ్లు తాగేస్తున్నది పరాయివాళ్లు కాదు. మా మేనమామది గంగావతి వైపు క్యాంపు. పెళ్లిళ్లలో బావా బావమరుదులు ఎదురుపడితే వడ్డన చల్లారిపోయేది.

‘నీళ్లు పల్లానికే కదా పోతాయి బావా, మేమేం పట్టుకుంటామా?’ అనేవాడు మామయ్య.

‘మీ గట్టు దాటితే పల్లమే. దాటనిస్తేగా!’ అనేవారు నాన్న.

నాన్న దగ్గర ఒక తుమ్మ కర్ర ఉండేది. అంగుళానికొక గంటు కత్తితో చెక్కినది, ఆరో గంటు దగ్గర ఎర్రరంగు. వంతు రాత్రి భుజాన పార, చేతిలో బ్యాటరీ లైటు, చంకన ఆ కర్ర. తూము దగ్గర పిల్లకాలువలో నిలబెట్టి చూసేవారు. ఎర్రగంటు తడిస్తే చివరి మడికి కూడా నీళ్లు అందుతాయి. తడవకపోతే పై పొలం ఎవరిదైనా సరే నిద్ర లేపేవారు. తిట్టేవారు కాదు, కర్ర చేతికిచ్చి ‘నువ్వే కొలువు’ అనేవారు. తన వంతులో ఎర్రగంటు మించి నీళ్లొస్తే తనే మడవ మూసి పక్కవాడికి వదిలేవారు. కన్నడిగుడైనా క్యాంపువాడైనా ఆ కర్ర కొలతకు అడ్డు చెప్పలేదు. మా వైపు పంపకాలకు ప్రభుత్వం పెట్టిన లెక్క ఒకటుంటే, నడిచింది ఆ కర్ర లెక్క.

నీళ్లు లేని బాధే కాదు, నీళ్లెక్కువైన రోజులూ చూశాం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మఠం మునిగింది, కర్నూలు మునిగింది, మా తాలూకాలో నది ఒడ్డు ఊళ్లు కూడా మునిగాయి. ఆ ఏడు మాకు అప్పులుండేవి. నాన్న తిండి గింజల బస్తాలు ట్రాక్టరుకు ఎక్కించి నది వైపు పంపేశారు. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు.

సంవత్సరీకం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరూ నాన్న గురించి చెప్పుకొచ్చారు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగాపులగంగా. ఊళ్లో రిటైరైన కన్నడ మాస్టారు మాత్రం నాన్నను వదిలి పండిత తారానాథుల దగ్గర మొదలుపెట్టారు. మంగళూరు నుంచి వచ్చి, నిజాం ఏలుబడిలో ఉర్దూ చదువుల నడుమ 1920లో రాయచూరులో హమ్‌దర్ద్ బడి పెట్టినాయన, తర్వాత తుంగభద్ర ఒడ్డున ప్రేమాయతనం ఆశ్రమం నడిపి వైద్యం చేసినాయన. నటుడు బళ్లారి రాఘవకు ఆప్తుడు. 1942లో పోయారు. అప్పటికి కొడుకు రాజీవ్‌కు పదేళ్లు. తండ్రి దగ్గర పాట నేర్చుకున్న ఆ పిల్లవాడు ఇంగ్లీషు సాహిత్యం చదివి, పాఠాలు చెప్పి, అన్నీ వదిలేసి సరోద్ పట్టాడు. రాజీవ్ తారానాథ్ మైసూరులో పోయింది ఆ ఏడు జూన్ 11నే, మా ఇంటి కార్యానికి రెండు నెలల ముందు. ఎనభై ఏళ్లు దాటినా తండ్రి రాగం ఆ కొడుకు చేతుల్లోంచి పోలేదని చెప్పి, మాస్టారు మా తమ్ముడి వైపు తిరిగి అడిగారు: ‘మీ నాన్న దగ్గర నువ్వేం నేర్చుకున్నావప్పా?’ తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. వాడి పుణ్యాన అందరూ హాయిగా నవ్వుకున్నారు.

అంతకుముందు ఫ్లెక్సీ గొడవ ఒకటి నడిచింది. ఇప్పుడు పోయినవాళ్ల బొమ్మలు ప్రతి కూడలిలోనూ నవ్వుతున్నాయి కదా, మనమూ వేద్దామని తమ్ముడి పట్టు. తెలుగులో వేస్తే మా పిల్లలే చదవలేరు, వాళ్లవి కన్నడ బడులు. కన్నడంలో వేస్తే అమ్మ చదవలేదు. చివరికి అక్షరం లేకుండా ఫొటో ఒక్కటే పెద్దదిగా అచ్చువేయించి అరుగు మీద పెట్టాం. నాకది నచ్చింది. అమ్మ ఆ తుమ్మ కర్రను తెచ్చి ఫొటో పక్కన ఆనించింది. బ్రహ్మగారు ఇదేమిటని అడిగితే ‘ఆయన దండం’ అంది. ఆయన దాని మీదా నాలుగు అక్షింతలు వేశారు.

ఆగస్టు 16న విశ్రాంత నిపుణుడు కన్నయ్యనాయుడి పర్యవేక్షణలో స్టాప్‌లాగ్ గేటు మొదటి భాగం దించారు, మరునాటికి నీళ్లు ఆగాయి. ఆ కబురు వినేదాకా మామయ్య మా ఇంట్లోనే ఉండిపోయాడు. నీళ్లు పోతే తన వరి ఎండుతుందన్న భయం ఆయనది. మాకు ఆ భయం ఏటా ఉండేదే కాబట్టి కాస్త దర్జాగానే ధైర్యం చెప్పాం. కారెక్కుతూ ఆయన మెల్లగా అడిగాడు, బావ గుర్తుగా ఆ కర్ర తనకిమ్మని.

‘ముందు నీళ్లు వదలరా, కర్ర సంగతి తర్వాత చూద్దాం’ అంది అమ్మ.