దిక్సూచికి దగ్గర చుట్టాలు

దిక్సూచి ముల్లుకి ఉత్తర దిక్కు దూరపు చుట్టం, పక్కనున్న ఇనుము దగ్గర చుట్టం. ఇద్దరూ ఒకేసారి రమ్మంటే పాపం అదెటు తిరుగుతుంది? మధ్యలో ఎటో నిలబడిపోతుంది.

ఓడల్ని చెక్కతో కట్టిన రోజుల్లో ఈ పేచీ అంతగా బయటపడలేదు. అయినా 1801లో ఆస్ట్రేలియా తీరం కొలవడానికి బయల్దేరిన మాథ్యూ ఫ్లిండర్స్, ఓడ ముఖం తిరిగినప్పుడల్లా ముల్లు మాట మారుస్తోందని గమనించాడు. ఇనప ఓడలొచ్చాక గొడవ ముదిరింది. 1838లో జార్జి ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త 'రెయిన్‌బో' అనే ఇనప ఓడని రేవులోనే చుట్టూ తిప్పించి, ఎటు తిరిగితే ముల్లు ఎంత తప్పుతోందో రాసుకున్నాడు. ఓడలోని ఇనుముని పారెయ్యలేం కదా! అందుకని దిక్సూచి పక్కన అయస్కాంతాలూ ఇనప ముక్కలూ అమర్చి, ఆ లాగుడికి ఎదురు లాగుడు పెట్టాడు.

అంత తెలిశాక కూడా, 1854 జనవరిలో 'టేలర్' అనే కొత్త ఇనప ఓడ తొలి ప్రయాణంలోనే ఐర్లండు దగ్గర రాళ్ళకి కొట్టుకుంది. దిక్సూచి తప్పు చెప్పడం ఒక కారణం. వందలమంది పోయారు. స్త్రీలు సుమారు వందమంది ఉంటే, ఒడ్డు చేరింది ముగ్గురేనట!

1948లో నెహ్రూగారు మన విశాఖలో నీళ్ళలోకి దింపిన 'జలఉష' లాంటి ఉక్కు ఓడలకీ ఎయిరీ చూపిన వైద్యమే గతి.

ఇప్పుడు ముల్లు పోయి కార్లలోకి ఎలక్ట్రానిక్ దిక్సూచి వచ్చింది. ఉపగ్రహం బండి ఎక్కడుందో చెబుతుంది గాని, ఆగి ఉన్న బండి ముఖం ఎటుందో చెప్పలేదు మరి. చుట్టాలు మాత్రం మారలేదు: బండి ఉక్కు, స్పీకర్లలో అయస్కాంతాలు, తీగల్లో కరెంటు. మా రాప్తాడులో ఖాళీ బయలుకేం కొదవ? అక్కడ బండిని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే చాలు. బండి ఇనుము బండితోపాటే తిరుగుతుంది, భూమి లాగుడు కదలదు. ఆ తేడాని బట్టి పరికరం బండి లాగుడెంతో లెక్కగట్టి తీసేస్తుంది. ఖాళీ గిన్నె బరువు తీసేసి నెయ్యి తూచినట్టే!

బయటి ఇనుముకి మాత్రం ఈ లెక్క చెల్లదు. మా అనంతపురం సీమలో నేలని చీల్చుకు లేచిన నల్లరాతి బారులున్నాయి. ఆ రాతిలోనూ అయస్కాంత ఖనిజముంది. దాని పక్కనో, ఆగిన లారీ పక్కనో సరిచేస్తే, అక్కడి తప్పుని బండి వెళ్ళిన చోటికల్లా మోసుకుపోతుంది. అందుకే ముందు చోటు ఎంచుకోవాలి.

మన ఆడవాళ్ళకి ఇదేం కొత్త విద్య కాదు. చుట్టాల్ని వదులుకోలేం. ఎవరు ఎటు లాగుతున్నారో కనిపెట్టి, అంతమేరా తీసేసుకుని మన దారి చూసుకుంటాం. కాకపోతే, ఆ లెక్క వేసుకోవడానికి అప్పుడప్పుడూ కాస్త ఖాళీ బయలు దొరకాలి!